కొలెస్ట్రాల్ లెక్క నడుము దగ్గర మొదలు

కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొస్తే మన వైరా వైపు ఆ మనిషిని ఎవరూ లావు అనరు. రక్తపరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉంటే ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఆ ధీమా తగదు. ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే 2023లో వెల్లడించిన లెక్కలు చూడండి. దేశంలో పెద్దవాళ్లలో మొత్తం కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు 24 శాతమే. రక్తంలో ఏదో ఒక రకం కొవ్వు గాడి తప్పినవారు మాత్రం 81 శాతం. ఈ తేడాకు ఒక ముఖ్యకారణం పొట్టలో ఉంది.

పొట్టలోపలి కొవ్వు గోదాములో పడివున్న బియ్యం బస్తా కాదు, అది పనిచేసే అవయవం. కొవ్వుకణం పట్టనంతగా నిండి చచ్చిపోతే మాక్రోఫేజులనే రక్షక కణాలు దాని చుట్టూ దండలా చేరతాయి. గాయమైనచోట వదిలే రసాయనాలనే అక్కడా వదులుతాయి. నొప్పి ఉండదు, జ్వరం రాదు, దాంతో పుట్టే వాపు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. కొవ్వు కణజాలం ఇలాంటి రసాయనాన్ని వదులుతుందని 1993లో ఎలుకల్లో తేలింది. మాక్రోఫేజులు అక్కడ గుమిగూడతాయని 2003లో రుజువైంది. వాపుతో ఇన్సులిన్ మాట వినని కణాలు కొవ్వు ఆమ్లాలను రక్తంలోకి వదిలేస్తాయి. కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వుగా మార్చి మళ్లీ రక్తంలోకే పంపుతుంది. దాంతో మేలుచేసే హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ తగ్గుతుంది, హాని చేసే ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై చిక్కబడతాయి. మొత్తం అంకె పెద్దగా కదలకుండానే ఇదంతా జరిగిపోవచ్చు.

కొలెస్ట్రాల్ వంశపారంపర్యం కదా అని కొందరంటారు. ఎల్‌డీఎల్ బాగా పెరిగినచోట అది చాలావరకు నిజమే. అలాంటివారు బొజ్జ తగ్గింది కదా అని డాక్టరు రాసిన మాత్ర మానకూడదు. పొలం పనిచేసే ఒంటికి కొవ్వెక్కడిదని ఇంకొందరి ప్రశ్న. ట్రాక్టరూ వరికోత మిషనూ వచ్చాక ఒంటికి శ్రమ తగ్గింది, కంచంలో అన్నం తగ్గలేదు. మిగిలిన పిండిపదార్థంలో కొంత కాలేయంలో కొవ్వుగా మారుతుంది. సన్నగా కనబడటమూ రక్ష కాదు. ఎత్తుకు బరువు ఎంతుందో చూపే బీఎంఐ సరిగ్గా 22.3 ఉన్న ఇద్దరు వైద్యుల ఒంటి కొవ్వును 2004లో లాన్సెట్ పత్రిక పక్కపక్కన చూపింది. బ్రిటన్ వైద్యుడిలో అది 9.1 శాతం, పుణె వైద్యుడు యాజ్ఞిక్‌లో 21.2 శాతం.

అందుకే రక్తపరీక్షతో పాటు టేపు కూడా కావాలి. ముప్పై దాటినవారికి బీపీ, షుగరు చూసే ప్రతిచోటా నడుము కూడా కొలవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే మొత్తం కొలెస్ట్రాల్ ఎంతున్నా ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్ అంకెలు అడిగి తెలుసుకోండి. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పూ కూరా పెంచండి, రోజూ అరగంట నడవండి. బరువు తగ్గేకొద్దీ పొట్ట కొవ్వులోని ఆ వాపు చల్లబడుతుంది.