ధ్వనిసాధకుల పక్షమున

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వంటి పట్టణములలో గిటారు చేతబట్టిన యువకులు నేడు అరుదు కారు. వారిలో కొందరు, వాద్యము కొన్న కొలది దినములకే, వాద్యమునకంటె అధికమైన ధనమును దానిని పలికించు ఆంప్లిఫైయరు మీదను, ఆ రెండింటి నడుమ కాలితో నొక్కుటకు వీలుగా అమర్చుకొను పెడళ్ల మీదను, ఆ పెడళ్లను విప్పించి లోపలి భాగములను మార్పించుట మీదను వెచ్చించుచుండగా, మిరపకోత కూలిని, పత్తితీత కూలిని రూపాయి రూపాయిగా లెక్కచూచుకొను తలిదండ్రులు కలతపడుట సహజమే. పాట నేర్చుకొమ్మన్న పెట్టెలు పోగుచేయుచున్నాడని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో సత్యాంశము లేకపోలేదు. అయినను ఆ యువకుని అన్వేషణ విలాసము కాదని, మన ప్రాంతపు సంగీతజ్ఞులు తరతరములుగా చేసినదే యని, దానిని నిరసించు మనమే మన ఉత్సవములలో, వివాహములలో ధ్వనిని ఉపేక్షించి గొప్ప నష్టము తెచ్చుకొనుచున్నామని నా దృఢాభిప్రాయము.

విద్యుద్గిటారు తీగకు స్వతస్సిద్ధమైన శబ్దము మిక్కిలి స్వల్పము. తీగల క్రింద నుండు పికప్పు అను అయస్కాంతపు చుట్ట ఆ కంపనమును విద్యుత్తుగా మార్చగా, ఆంప్లిఫైయరు దానిని పెంచి స్పీకరునకు అందించును. వీణకు కుండ యెట్టిదో ఈ గిటారుకు ఆంప్లిఫైయరు అట్టిది. దానిని వాద్యమునకు వెలుపలి వస్తువుగా భావించుట సరికాదు. అందును వాల్వు అను గాజునాళికతో నడచు ఆంప్లిఫైయరునకు ఒక విశేషము కలదు. శక్తికి మించిన సంకేతము చేరినపుడు వాల్వు తరంగశిఖరమును ఒక్కపెట్టున నరికివేయక మెల్లమెల్లగా వంచును. అందుచేత మూలస్వరముతో పొత్తు కుదిరిన అనుస్వరములు దాని చుట్టును పుట్టి, నాదము నిండుగను, కొంచెము జీరతోను, మనుష్యకంఠమునకు సమీపముగను వినవచ్చును. ట్రాన్సిస్టరు వలయములు సాధారణముగా ఆ శిఖరమును నిట్టనిలువున ఖండించును గనుక పైస్థాయి అనుస్వరములు ప్రబలి చెవిని గీరును. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. మంచి వాల్వు ఆంప్లిఫైయరు ముందు కూర్చున్నవాడు తీగను మృదువుగా మీటిన అది స్వచ్ఛముగా పలుకును. వ్రేలిబలము పెంచిన కొలది వేడెక్కును. బలము తగ్గించిన మరల శాంతించును. వ్రేలికి బదులు చెప్పు యంత్రమది. యువకులు టోన్ అని పిలుచుచు వెదకుచున్నది ఈ బదులునే.

ఈ వెదకులాటకు ఒక చరిత్ర కలదు. అది సామాన్యుల చరిత్ర. అమెరికాలో ఈ విద్యకు పునాది వేసిన లియో ఫెండర్, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున రేడియోలు బాగుచేసి జీవించిన పనివాడు; గిటారు వాయించుట ఆయన నేర్వనే లేదు. ఆయన సంస్థ చేసిన బాస్‌మన్ అను ఆంప్లిఫైయరు వలయమును 1962 లో లండనులోని జిమ్ మార్షల్ దుకాణమువారు దాదాపు యథాతథముగా అనుకరించి, ఇంగ్లండులో దొరకిన భాగములతో కట్టి, పన్నెండంగుళముల సెలెస్టియన్ స్పీకర్లు నాలుగింటిని మూతపెట్టెలో అమర్చి వినగా, రూపురేఖ ఒకటే అయినను కంఠము మారిపోయెను. అనంతరకాలపు రాక్ సంగీతమున అధికభాగము ఆ మారిన కంఠము నాశ్రయించి పెరిగినది. అంతకు పూర్వమే, 1958 లో, లింక్ రే అను వాద్యకారుడు స్పీకరు కాగితమునకు పెన్సిలుతో రంధ్రములు పొడిచి తాను కోరిన జీరను రాబట్టుకొనెను. 1964 లో కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్లిఫైయరు స్పీకరును బ్లేడుతో చీల్చెను. చెడగొట్టుట వలె కనిపించు ఈ చేష్టల వెనుక, ఇంకను పుట్టని ఒక ధ్వనిని లోపల ముందుగా వినిన చెవి కలదు. ఆ తరువాతి తరమున కెన్ ఫిషర్ అను పనివాడు ట్రెయిన్‌రెక్ పేరిట తాను కట్టిన ఆంప్లిఫైయర్లకు అంకెలకు మారుగా స్త్రీల పేర్లు పెట్టెడివాడు. 2022 లో మరణించిన అలెగ్జాండర్ డంబుల్ కొనువాడు వాయించు తీరును విని దానికి తగినట్లు వలయమును దిద్దెడివాడు. లోపలి అమరిక పరులకు తెలియకుండ దానిపై జిగురు పోసి గట్టిపరచెడివాడు. నేడు ఆయన చేసిన పెట్టె యొకటి లక్ష డాలర్లకు సైతము అమ్ముడుపోవుచున్నది. ఆ వెలను నేను సమర్థింపను. అది ధనికుల సేకరణవ్యాపారము. వాయించు తీరును విని యంత్రమును దిద్దిన ఆ శ్రద్ధను మాత్రము శిరసావహింతును.

ఇదంతయు పాశ్చాత్యుల వేడుక యనుకొనువారిని ఒంగోలు దాపుననున్న కరవదికి తీసికొనిపోవలయునని నాకు తోచును. అప్పటికి గుంటూరు జిల్లాలోనిదైన ఒంగోలు తాలూకాలో, ఆ గ్రామమున, 1924 లో షేక్ చిన మౌలానా సాహెబు జన్మించెను. తరతరములుగా దేవాలయములలో నాదస్వరసేవ చేసిన ముస్లిం కుటుంబము వారిది. తండ్రి కాసిం సాహెబు వద్దను, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు వద్దను శిక్షపొంది, ఈ మెట్టప్రాంతపు పెండ్లి పందిళ్లలో, స్వామివారి ఊరేగింపులలో నిలదొక్కుకొనుటకు చాలినంత విద్యను సంపాదించిన వాడాయన. అది చాలుననుకొనలేదు. కావేరీతీరమున తంజావూరు బాణీలో నాదస్వరము పలుకు తీరు ఆయన నాకర్షింపగా, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు పిళ్లైల కడకు పోయి మరల శిష్యుడై కూర్చుండెను. తుదకు శ్రీరంగమునే నివాసము చేసికొనెను. 1977 లో పద్మశ్రీ, 1998 లో మదరాసు సంగీత అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము ఆయనకు లభించినవి. మరు సంవత్సరమున కీర్తిశేషుడయ్యెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020 లో పద్మశ్రీ వచ్చినది. నేర్చిన విద్య చేతిలో నుండగా, కోరిన నాదము కొరకు భాష మారి, ఊరు మారి, గురువులను మరల వెదకికొన్న వానిని మనము మహావిద్వాంసుడని కీర్తించుచున్నాము. ఆంప్లిఫైయరు వెదకుకొను పిల్లవానిలో ఆ తృష్ణయొక్క అణువైనను లేదని ముందుగానే తీర్మానించుట న్యాయము కాదు.

నాదస్వరకారుని పరికరములను పరిశీలించిన ఈ పోలిక మఱింత స్పష్టపడును. ఆ వాద్యమునకు వ్రేళ్లతో మూయు రంధ్రములు ఏడు; అవి గాక దిగువభాగమున మరి ఐదు రంధ్రములుండును. వాటిని వ్రేళ్లు ముట్టవు. వాద్యకారుడు తన చెవికి నచ్చునట్లు కొన్నింటిని మైనముతో మూసి, కొన్నింటిని తెరచియుంచి, నాదమును దిద్దుకొనును. నోటబట్టు పీక రెల్లుతో చేసినది. ఒక పీక ఉదయమున పలికినట్లు రాత్రి పలుకదు. అందుకే విద్వాంసుని వాద్యమునకు పీకల గుత్తి యొకటి వ్రేలాడుచుండును. కొయ్య విషయమున పట్టింపు ఇంకను హెచ్చు. తమిళదేశమున నరసింగంపేట పనివారు ఆచ్చా యను మ్రాను కొయ్యను, అందును పాత ఇండ్లు పడగొట్టినపుడు దొరకు దూలములను, ఏండ్లతరబడి ఎండి తడి పూర్తిగా చచ్చినదని ఏరి తెచ్చికొందురు. ఆ ఊరి నాదస్వరమునకు 2022 లో భౌగోళిక గుర్తింపు లభించినది. పొట్టిదై హెచ్చు శ్రుతిలో పలుకు తిమిరి నాదస్వరమునకు మారుగా, పొడవై గంభీరముగా పలుకు బారీ నాదస్వరమును తిరువావడుతురై రాజరత్నం పిళ్లై వాడుకలోనికి తెచ్చిన పిమ్మట ఆ వాద్యపు కంఠమే మారినది. పాత దూలము కొరకు వెదకు పనివానికిని, ఎన్నడో మూతపడిన కర్మాగారపు వాల్వులు ఎక్కడైన మిగిలియున్నవా యని వెదకు గిటారువానికిని భేదమేమి? బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఒకప్పుడు రేడియో వాల్వులు చేసినదే.

విద్యుత్తు సోకిన సంగీతము చెడునను వాదమునకు పాలకొల్లువాడైన మాండలిన్ శ్రీనివాస్ జీవితమే చాలినంత సమాధానము. 1969 లో పుట్టి 2014 లో అకాలమున అస్తమించిన ఆ మేధావి, జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండు మాండలిన్‌ను విడిచి, ఒంటితీగలు ఐదు గల విద్యున్మాండలిన్‌ను చేపట్టెను. జంటతీగలను లాగి గమకము పలికించుట కష్టము. మీటిన స్వరము క్షణములో ఆరిపోవుట మరియొక కష్టము. ఒంటితీగ మొదటిదానిని, ఆంప్లిఫైయరు రెండవదానిని తీర్చగా, అన్యదేశపు వాద్యమున తోడి, కాంభోజి రాగములు కంఠమువలె పలికినవి.

ఇక ధ్వని విషయమున మన ఊళ్లలో జరుగుచున్నదేమో చూడుడు. మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు విద్యుత్ప్రభలు మన పల్నాటి సీమకు గర్వకారణములు. గ్రామమంతయు చందాలు వేసికొని నిలిపిన ఆ దీపాల గోపురములను చూచి నేను పులకించని సంవత్సరము లేదు. కాని వాటి మైకు సెట్లు ఒకదానితో నొకటి పోటీపడి, ఈ ప్రభ పాటను ఆ ప్రభ పాట మ్రింగగా, ఏదియు వినబడని స్థితి కలుగుచున్నది. బాక్సులు పెంచిన ధ్వని పెరుగునని కమిటీలవారి విశ్వాసము. శాస్త్రము వేరుగా చెప్పుచున్నది. శక్తిని రెండింతలు చేసిన పెరుగునది మూడు డెసిబెళ్లు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచవలెనన్న సుమారు పదిరెట్ల శక్తి కావలెను. పదిరెట్లు అద్దె చెల్లించి రెండింతల రొద కొనుక్కొనుచున్న మనము, గిటారు పిల్లవాని దుబారాను గూర్చి మాటలాడుచున్నాము! రాత్రి పదిగంటల మొదలు ఉదయము ఆరు వరకు లౌడుస్పీకర్లను నిషేధించుచు 2000 సంవత్సరమున వచ్చిన నియమములు రొదను అదుపుచేయ చూచునే గాని, పగటిపూట పలుకునది మంచిగా పలుకవలెనని ఏ నియమమును విధింపలేదు గదా.

వివాహములలో నాదస్వరమునకు జరుగు అన్యాయము ఇంకను బాధాకరము. ఆరుబయట అర మైలు వినబడుటకై పుట్టిన వాద్యమునకు చిన్న మండపములో మైకు అక్కరయే లేదు. పెట్టక తప్పనిచో, దానిని వాద్యపు మూతికి ఆనించుట తగదు. ఏలయన, రంధ్రములన్నియు మూసి పలికించు అట్టడుగు స్వరము మాత్రమే మూతినుండి పూర్తిగా వెలువడును. తక్కిన స్వరములలో అధికభాగము తెరచిన రంధ్రములనుండియే బయటికి వచ్చును. మూతికి ఆనించిన మైకు కొన్ని స్వరములను ఉబ్బించి, కొన్నింటిని అణచి, గమకమును ముక్కలు చేయును. మూడు నాలుగు అడుగుల దూరమున, వాద్యపు నడిమి భాగమునకు ఎదురుగా నిలిపిన చాలును. పద్యనాటకములకును ఇదే దుర్గతి. బాపట్ల స్థానం నరసింహారావుగారు, సుద్దపల్లి కల్యాణం రఘురామయ్యగారు వంటి నటులు పెరిగిన రంగస్థలము, కడపటి వరుస శ్రోతకు ఒట్టి గొంతు చేరవలెనని శాసించిన రంగస్థలము. నేడు మైకు చేరువలో నుండి రాగము తీయు నటునికి, మైకు సెట్టువారు ఎకో అను ప్రతిధ్వనిని అడుగకయే కలుపుచున్నారు. 1970 దశకమున జపానువారి రోలాండ్ సంస్థ టేపుచుట్టతో చేసిన స్పేస్ ఎకో పెట్టెను గిటారు విద్వాంసులు ఎంతో మితముగా, పాట కోరినచోట వాడిరి. మనవారు ప్రతిధ్వనిని పద్యమంతటను కుమ్మరింతురు. ఒక పాదపు చివరి అక్షరము మరుపాదపు మొదటి అక్షరముమీద వచ్చి పడగా, పద్యమునకు ప్రాణమైన యతిప్రాసలు నీటిలో కలిసిన రాతలవలె చెదరిపోవుచున్నవి.

గిటారు యువకులకు రెండు మాటలు చెప్పవలెను. వాల్వు ఆంప్లిఫైయరును విద్యుత్తు తీగ పెరికివేసిన వెంటనే విప్పరాదు. లోపలి కెపాసిటర్లలో నాలుగువందల వోల్టులు నిలిచియుండవచ్చును, ప్రాణము తీయవచ్చును. నెలకొక పెడలు మార్చుట కంటె, ఉన్న పెట్టెయెదుట దాని బదులు తెలియునంతకాలము కూర్చుండుట మేలు. చిన మౌలానా సాహెబు నాచ్చియార్‌కోయిల్‌లో చేసినది అటువంటి కూర్చుండుటయే.

ఇక పెద్దలమైన మనవంతు. పాఠశాలలో పెద్దగా చదువుకొనకపోయినను, సోల్డరింగు పొగలో కన్నులు మండించుకొని పాత ఆంప్లిఫైయర్లకు ప్రాణము పోయుచున్న మెకానిక్కులు మన ప్రతి పట్టణమునను కలరు. పట్టు శాలువ వారికి కప్పిన సభను నేనింతవరకు చూడలేదు. విజయవాడ ఘంటసాల సంగీత కళాశాల వంటి చోట్ల గాత్రము, వీణ, మృదంగములతోపాటు మైకు నిలుపుట, స్పీకరు కూర్చుట ఒక పాఠముగా చెప్పింపవలెను. ఆ పాఠమునకు అట్టి మెకానిక్కునే గురువుగా పిలువవలెను. ఉత్సవకమిటీలు బాక్సుల సంఖ్యనుబట్టి గాక, ముందుగా ఒక సాయంకాలము విని మైకు సెట్టును నిర్ణయించుకొనవలెను. పెండ్లివారు మేళము కుదుర్చుకొనునపుడు మైకు ఎచట నిలుపవలెనో, అసలు నిలుపవలెనో వలదో తేల్చు అధికారమును నాదస్వర విద్వాంసునకే ఒప్పగించవలెను. ఇందువలన మైకు అద్దెలో ఒక్క రూపాయియైనను పెరుగదు.