అప్పు తెచ్చిన విత్తు

జహీరాబాదు ప్రాంతమున చెలకలు సాగుచేయు స్త్రీల సంఘములు కలవు. పస్తాపూరులోని దక్కను డెవలప్‌మెంట్ సొసైటీ అండతో వారు జొన్న, కొర్ర, సామ, కంది మున్నగు విత్తనములను వేపాకు, బూడిద కలిపి బుట్టలలో దాచుదురు. విత్తు లేనివారు వచ్చి అడిగినచో రొక్కము పుచ్చుకొనక యిత్తురు. కాని యొక కట్టుబాటు కలదు. పంట యింటికి వచ్చిన పిదప తీసికొన్నదానికి రెండింతలు కొలిచి యీయవలెను. ఆ విత్తు మఱియొక యింటికి పోవును.

కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి భాండారములు కలవు. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ జీపీఎల్ అను లైసెన్సును, అనగా అనుమతిపత్రమును, వెలువరించెను. దానికి లోబడిన ప్రోగ్రామును ఎవరైనను తీసికొని మార్చుకొనవచ్చును. మార్చినదానిని ఇతరులకు పంచునపుడు మాత్రము అదే స్వేచ్ఛతో, మూలముతోగూడ పంచవలెను. మఱికొన్ని లైసెన్సులు రచయిత పేరును, అనుమతి వాక్యములను చెరపకుండిన చాలునని చెప్పును. మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము, 1984లో జరిగిన సవరణ మొదలుకొని, ప్రోగ్రామును సాహిత్యకృతిగానే యెంచుచున్నది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చినది. అది బహిరంగముగ నున్న ప్రోగ్రాములను కోట్లకొలది పంక్తులు చదివి, అడిగినవారికి క్షణములో క్రొత్త ప్రోగ్రామును వ్రాసి యిచ్చును. ఒక్కొక్కప్పుడు ఇతరుల పంక్తులనే యథాతథముగ నిచ్చును. అపుడు వ్రాసినవారి పేరుగాని, వారు పెట్టిన నియమముగాని వెంట రాకపోవచ్చును. ఈ కారణముననే 2022 నవంబరులో కొందరు ప్రోగ్రాము రచయితలు గిట్‌హబ్, మైక్రోసాఫ్ట్, ఓపెన్ఏఐ సంస్థలపై అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి.

“మనుష్యుడును చదివియే నేర్చుకొనును గదా! యంత్రము నేర్చిన తప్పేమి?” అని కొందరందురు. ఈ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. పది కావ్యములు చదివి పదునొకండవది వ్రాసినవానిని కవి యందుము. కాని యితరుని పద్యమును తన పేర చదివినవానిని గ్రంథచోరుడందుము. ఆ పద్యమును యంత్రము చేతికందించినంత మాత్రమున దోషము తొలగదు.

కావున యంత్రమిచ్చిన పంక్తులను వాడువారు అవి యెవరివో విచారింపవలెను; తెలిసినచో పేరు చెప్పి నియమమును పాటింపవలెను. ఆ జాడ తెలుపు బాధ్యత యంత్రమును నడుపు సంస్థలకును కలదు.

ప్రోగ్రాము విత్తువలె వాడిన కొలది తరిగిపోవునది కాదు నిజమే. ఇచ్చువారి మనస్సు మాత్రము తరుగును. తమ పేరు, తమ మాట మన్నింపబడవని తెలిసిననాడు వారు బుట్టకు మూత పెట్టుదురు. విద్యార్థులారా! ఆనాడు అడుగబోవువారు మీరే.