కోణం కొలవని లెక్కలు

"ట్రిగొనామెట్రీ దేనికి పనికొస్తుంది టీచర్?" అని పదో తరగతి పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉక్కు గొలుసుతో సుమారు 12 కిలోమీటర్ల గీత కొలిచారు. అక్కడినుంచి చాలా దూరాలను కోణాలతోనే లెక్కగట్టారు. అర టన్ను థియోడొలైట్‌ను కొండలెక్కిస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ దక్కన్ దాకా వచ్చారు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ ఆయన దగ్గర సహాయకుడిగా చేరింది మన హైదరాబాద్‌లోనే.

మన పిల్లలు అవే సూత్రాలు బట్టీపట్టి, బయట ఒక్క కోణమూ కొలవకుండానే పరీక్ష రాసేస్తున్నారు. మార్కులొస్తున్నాయి, నమ్మకం రావడం లేదు.

ఈ ఆదివారం ప్రొట్రాక్టర్, దారం, చిన్న రాయి, టేపు చేతికివ్వండి. శంషాబాద్‌లో మేడలకు కొదవలేదు. మీ అపార్ట్‌మెంట్ ఎత్తు కనుక్కోమనండి. జవాబు రెండడుగులు అటూఇటూ అయితే కోప్పడకండి. తేడా ఎందుకొచ్చిందో అడగండి.