ఇల్లు అమ్ముకోండి, తలుపు తట్టి రండి

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాకలో ఆదివారం ఉదయం తొమ్మిదవుతుంది. లాల్‌దర్వాజా నుంచి గౌలిపురా దాకా ఏ సందులోనైనా కనిపించే దృశ్యమే ఇది. రెండు గదుల పోర్షన్. ఇంటామె స్టవ్ మీద పప్పు పెట్టి తల దువ్వుకుంటూ ఉంటుంది. ముందు గదిలో పెద్దాయన లుంగీతో కూర్చుని పేపర్ తిరగేస్తుంటాడు. పిల్లలు ఇంకా చాప మీదే ఉంటారు. తలుపు తోసుకుని ఐదుగురు లోపలికి వస్తారు. ఓనర్ కొడుకు, బ్రోకర్, కొనడానికి వచ్చిన మొగుడూపెళ్లాలు, వాళ్ల వెనక చేతిలో దిక్సూచితో వాస్తు సిద్ధాంతి. సిద్ధాంతి నేరుగా వంటింట్లోకి పోయి ఆగ్నేయం లెక్క చూసుకుంటాడు. స్టవ్ దగ్గరున్న మనిషిని ‘కొంచెం పక్కకు జరుగమ్మా’ అంటాడు. బ్రోకర్ ఫోన్ పైకెత్తి బీరువా, మంచం, దండెం మీది బట్టలు, దేవుడి గూడు అన్నీ వీడియోలోకి ఎక్కిస్తాడు. సాయంత్రానికి ఆ వీడియో ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. పోతూ పోతూ ఓనర్ కొడుకు ఒక మాట విసిరిపోతాడు: ‘మాపటికి ఇంకో పార్టీ వస్తది, ఇంట్లనే ఉండుండ్రి.’

ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. కిరాయికున్నవాళ్లు కూడా ‘వాళ్ల ఇల్లు, వాళ్లిష్టం’ అనుకుని మాడిన పప్పు దించుకుంటారు. ఆ అనుకోవడంలోనే పొరపాటుంది. ఇల్లు వాళ్లదే. కానీ కిరాయి తీసుకున్నన్నాళ్లూ దాని గడప మీద అధికారం కిరాయిదారుది. ఇది జాలితో అంటున్న మాట కాదు, 140 ఏళ్లుగా చట్టంలో ఉన్న మాట.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చూడండి. కిరాయి కడుతూ, షరతులు పాటిస్తున్నంత కాలం ఏ ఆటంకమూ లేకుండా ఇంట్లో ఉండే హక్కు కిరాయిదారుకు ఉందని అది చెబుతుంది. యజమానికీ ఒక వీలు ఇచ్చింది: తగిన వేళల్లో తానో తన మనిషో లోపలికి వచ్చి ఇంటి స్థితి చూసుకోవచ్చు, ఏదైనా పాడైతే ఎత్తిచూపవచ్చు. గోడ చెమ్మ పట్టిందా, స్లాబు కారుతోందా అని చూడటానికి ఇచ్చిన వీలు అది. బేరానికి వచ్చినవాళ్లను వరసపెట్టి తిప్పవచ్చని అందులో ఎక్కడా లేదు. ఒప్పందంలో రాసుకుంటే వేరే సంగతి. రాసుకోకపోతే కొనేవాళ్లు గడప దాటాలంటే కిరాయిదారు సరేననాలి.

అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది. ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడే ఈ హక్కులు వర్తిస్తాయట. చెప్పకుండా తలుపు తోసుకుని రావడాన్ని మనం నోరు మూసుకుని సహిస్తూ పోతే, రేపు ఎవరైనా అదే ఇక్కడి ఆచారమని వాదించవచ్చు. అందుకే ‘పోనీలే, ఒక్కపూటే కదా’ అన్న సర్దుబాటును మేం సమర్థించలేం.

ఇల్లు అమ్ముడుపోయినంత మాత్రాన కిరాయిదారు కదిలిపోవలసిన పనిలేదన్నది కూడా చాలామందికి తెలియదు. అదే చట్టం 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడికి పాత యజమాని హక్కులు వస్తాయి. కిరాయిదారు పట్టుబడితే పాత యజమాని బాధ్యతలూ వస్తాయి. అమ్మకం సంగతి తెలియక ఆ నెల కిరాయి పాత ఓనర్‌కే ఇచ్చేస్తే కొత్త ఓనర్ మళ్లీ అడగడానికి వీల్లేదు. కిరాయి గురించి ఇంత వివరంగా చెప్పిన సెక్షన్ అడ్వాన్స్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పాతాయన ‘కొన్నాయన ఇస్తాడు’ అంటాడు, కొన్నాయన ‘నా చేతికి రాలేదు’ అంటాడు. మధ్యలో పోయేది కిరాయిదారు డబ్బు. నెలనెలా కిరాయి మీద ఉన్నవాళ్లను ఖాళీ చేయించాలంటే 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాతా వాళ్లు కదలకపోతే కోర్టుకు పోవాలి తప్ప సామాను వీధిలో పెట్టకూడదు. స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్టం దారిలో తప్ప వెళ్లగొట్టరాదని సుప్రీంకోర్టు 1989లోనే కృష్ణారామ్ మహాలే కేసులో తేల్చింది. అలా వెళ్లగొట్టినా ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకునే దారి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఉంది.

హైదరాబాద్‌కు కిరాయి చట్టం కొత్తదేమీ కాదు. నిజాం ఏలుబడిలోనే, 1353 ఫస్లీలో, ఇళ్ల కిరాయిల మీద నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1954లో హైదరాబాద్ రాష్ట్రం తన చట్టం చేసుకుంది. దాని స్థానంలో వచ్చినదే 1960 నాటి భవనాల కిరాయి నియంత్రణ చట్టం. తెలంగాణ వచ్చాక పేరు మార్చుకుని ఇప్పటికీ నడుస్తోంది. కిరాయికి రసీదు ఇవ్వాలి, అనుభవిస్తున్న సౌకర్యాలను యజమాని తెంచరాదు, ఫలానా కారణాలుంటేనే ఖాళీ చేయించాలి అని అందులో ఉంది. మంచి చట్టమే. కానీ 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటిన ఇళ్లు దాని నీడ నుంచి బయటపడ్డాయి. ఇవాళ ఛత్రినాకలో, ఉప్పుగూడలో రెండు గదుల పోర్షన్ 3,500కు ఎవరిస్తారు? చట్టం పుస్తకంలో ఉంది, మనుషులు దాని బయట ఉన్నారు.

ఓనర్ల వైపు కూడా ఒక మాట వినాలి. ఈ బస్తీలో అమ్మకానికి పెట్టేవాళ్లందరూ ఆస్తిపరులు కారు. ఉన్న ఒక్క ఇంట్లో కింద తానే ఉండి, పై పోర్షన్ కిరాయి మీద బతికే విధవరాలు ఉంటుంది. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో ఆ ఇల్లే అమ్మాలి. కొనేవాడు చూడకుండా బయానా ఇవ్వడు. కిరాయిదారు రేపు రా, ఎల్లుండి రా అని తిప్పితే బేరం చెడుతుంది. ఖాళీ చేయనని మొండికేస్తే కోర్టులో ఏళ్లు గడుస్తాయన్న భయమూ నిజమే. కావాలని బేరం చెడగొట్టే కిరాయిదారులను ఈ పత్రిక వెనకేసుకురాదు. చూపించక తప్పదు. ఎప్పుడు, ఎలా, ఎంతమందికి అన్నదే ప్రశ్న. ఆ మూడింటికీ జవాబు రాసిపెట్టి ఉంటే రెండు వైపులా గొడవ సగం తగ్గుతుంది.

పాతబస్తీ మెట్రో పనులకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి శాలిబండ, అలియాబాద్ మీదుగా చాంద్రాయణగుట్టకు పోయే ఏడున్నర కిలోమీటర్ల దారి అది. ‘మెట్రో పక్కనే వస్తుంది సార్’ అని చెప్పని బ్రోకర్ ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఉండడు. కొనేవాళ్ల రాకపోకలు తగ్గే కాలం కాదిది. పైగా ఇది పర్దా పాటించే ఇళ్లూ, మడి పాటించే ఇళ్లూ పక్కపక్క సందుల్లో ఉన్న బస్తీ. చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చిన పరాయి మగవాడితో రెండు ఇళ్లకూ ఒకటే ఇబ్బంది.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని ఒక్క గొంతుతో చెప్పింది. ప్రధానంగా అది ప్రభుత్వానికి కట్టిన హద్దు. ఆ తీర్పు చూపించి బ్రోకర్‌ను గుమ్మంలో ఆపలేం. ఆపాలంటే రాష్ట్రం చట్టం చేయాలి. కిరాయికి దిగేటప్పుడు మాత్రం ఆధార్ నకలు ఇవ్వాలి, ఎక్కడ పనిచేస్తారో చెప్పాలి, పోలీసులకు వివరాలు నింపివ్వాలి. కిరాయిదారు గురించి అందరికీ అన్నీ తెలియాలి. తన ఇంట్లోకి ఎవరు వస్తున్నారో తెలుసుకునే హక్కు ఆచరణలో ఆయనకు మాత్రం దక్కదు!

కాలిఫోర్నియాలో కిరాయికుంటున్న మన పిల్లలను అడిగి చూడండి. అక్కడి సివిల్ కోడ్ 1954వ సెక్షన్ ప్రకారం ఇల్లు కొనేవాళ్లకు చూపించాలంటే ముందుగా చెప్పాలి, సాధారణంగా 24 గంటల గడువు ఇవ్వాలి, మామూలు పనివేళల్లోనే రావాలి. ఇల్లు అమ్మకానికి పెట్టామని ఒకసారి రాతపూర్వకంగా చెప్పి ఉంటే, ఆ తర్వాత 120 రోజుల దాకా నోటిమాటతో ముందుగా చెప్పినా చాలు. అలా వచ్చినప్పుడు యజమానో ఆయన ఏజెంటో వచ్చినట్టు కాగితం ఒకటి ఇంట్లో వదిలివెళ్లాలి. దానివల్ల అక్కడ ఇళ్ల అమ్మకాలేమీ ఆగిపోలేదు.

మన దగ్గరా నమూనా లేకపోలేదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ సందేశం ద్వారానో చెప్పాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని అందులో ఉంది. ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయికి మించకూడదు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఆ దారిలో చట్టాలు సవరించుకున్నాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఆ జాబితాలో తెలంగాణ పేరు లేదు. దేశంలో కిరాయి ఇళ్లు ఎక్కువగా ఉన్న నగరాల్లో ఒకటి రాజధానిగా ఉన్న రాష్ట్రానికి ఇది సిగ్గుచేటు.

తెలంగాణ ప్రభుత్వం ఇక ఆలస్యం చేయకుండా అద్దె బిల్లు అసెంబ్లీకి తేవాలి. మాదిరి చట్టాన్ని ఉన్నదున్నట్టు దించితే చాలదు. అందులో ప్రవేశానికి చెప్పిన కారణాలు మరమ్మతులు, తనిఖీ, ఒప్పందంలో రాసుకున్న ఇతర అవసరాలు మాత్రమే. అమ్మకానికి చూపించడం గురించి నేరుగా లేదు. ఆ ఖాళీని మన బిల్లు పూరించాలి. కొనేవాళ్లను తెచ్చే ముందు 24 గంటల కబురు, వారంలో ఎన్నిసార్లు తేవచ్చో ఒక లెక్క, ఇంట్లోవాళ్లు లేనప్పుడు మారుతాళంతో తెరవరాదన్న నిషేధం, కిరాయిదారు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫొటో వీడియో తీయరాదన్న షరతు ఉండాలి. రిజిస్ట్రీ రోజున అడ్వాన్స్ కొన్నవాడి ఖాతాకు మారాలని, మారిందన్న సంగతి కిరాయిదారుకు కాగితం మీద రావాలని రాయాలి. ఖాళీ చేయించడానికి నల్లా కట్టేయడం, కరెంటు తీసేయడం నేరం కావాలి. కరెంటు కనీస సౌకర్యమని, యజమాని ఒప్పుకోలేదన్న సాకుతో కిరాయిదారుకు కాదనరాదని సుప్రీంకోర్టు 2022లో చెప్పనే చెప్పింది.

బ్రోకర్లనూ వదలకూడదు. రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు కావలసింది అక్కడ నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మిపెట్టే ఏజెంట్లే. గౌలిపురా సందులో పాత ఇల్లు చూపించే బ్రోకర్ ఎవరికీ జవాబుదారీ కాడు. పరాయి ఇంట్లో ఫోన్ తిప్పే మనిషికి కనీసం ఒక నమోదు నంబర్ ఉండాలి.

చట్టం వచ్చేదాకా చేయగలిగింది ఒకటుంది. మామూలుగా అందరం పదకొండు నెలల ఒప్పందాలే రాసుకుంటాం. ఈసారి స్టాంపు కాగితం మీద ఈ రెండు వాక్యాలు కూడా రాయించండి: ‘ఇల్లు అమ్మకానికి చూపించవలసి వస్తే యజమాని ఒక రోజు ముందు చెప్పి, కిరాయిదారు ఒప్పుకున్న వేళకు, ఇంట్లో మనిషి ఉన్నప్పుడే తీసుకురావాలి, లోపల ఫొటోలు తీయరాదు. ఇల్లు అమ్మితే అడ్వాన్స్ బాధ్యత కొన్నవారిది.’ సంతకం పెట్టనంటే, ఎందుకు పెట్టరో సామాను దించకముందే అడగండి.