హక్కును నిలుపువారెవరు?

కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908వ సంవత్సరమున బెజవాడ స్వరాజ్య పత్రికయందు తిరునల్వేలి కాల్పులను ఖండించుచు వ్యాసము ప్రకటించి, రాజద్రోహ నేరముపై చెరసాలకేగిరి. నాడు సర్కారువారికి ఒక సంపాదకుని పట్టుకొనిన చాలెను. నేడు మన చాగలమర్రిలో సెల్‌ఫోను చేతనున్న ప్రతివాడును సంపాదకుడే, ఆపదయు ప్రతివానిదే.

2013 మే నెలలో ఫేస్‌బుక్కున ఒక శాసనసభ్యునిగూర్చి వ్రాసినందులకు, పౌరహక్కుల కార్యకర్తయు న్యాయవాదియునగు ఒక మహిళను చీరాల పోలీసువారు నిర్బంధించిరి. అందులకు సాధనము సమాచార సాంకేతిక శాసనమందలి 66-ఏ సెక్షను. చీకాకు కలిగించు వ్రాతకు సైతము అది మూడేండ్లవరకు శిక్ష విధించెడిది. 2015 మార్చి 24వ తేదీన శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు దానిని కొట్టివైచిరి. అయినను ఆ సెక్షను క్రిందనే పెక్కుచోట్ల కేసులు నడచుచుండెను. పి.యు.సి.ఎల్. అను పౌరహక్కుల సంఘమువారు ఆ కేసులను లెక్కించి మరల న్యాయస్థానము నెదుట నుంచిరి. 2022 అక్టోబరులో ఆ సెక్షను క్రింద ఎవరిని విచారింపరాదని ఆజ్ఞ వెలువడెను. హక్కును తీర్పు ప్రకటించెను. లెక్క వ్రాసినవారు దానిని నిలిపిరి.

వదంతులు ఊళ్లను కాల్చవా యని తల్లిదండ్రులు మమ్మడుగవచ్చును. నిజమే. 2022 మే 24న అమలాపురమున జిల్లా పేరునకై రేగిన అల్లరిలో మంత్రిగారి ఇల్లును, శాసనసభ్యుని ఇల్లును అగ్నికాహుతియయ్యెను. పిదప కోనసీమలో ఇంటర్నెట్టును దినములతరబడి నిలిపివేసిరి. కాని దుండగులతోపాటు వర్తకుడును, విద్యార్థియు, ఇంటనుండి ఉద్యోగము చేయువాడును బాధపడిరి. అల్లరి నడచుటకు అధికారముండవలసినదే. ఆ అధికారమునకు హద్దును ఉండవలెను. కాశ్మీరమున ఇంటర్నెట్టు నిలిపివేతనుగూర్చిన అనూరాధా భసీన్ వ్యాజ్యమున 2020 జనవరిలో సుప్రీంకోర్టువారు ఆ హద్దును గీసిరి: అట్టి ఉత్తర్వును ప్రకటింపవలెను, గడువు లేక సాగింపరాదు, వేళవేళకు పునఃపరిశీలింపవలెను.

ఒకప్పుడు మన తెలుగువారనేకులు వలసపోయిన బర్మాలో 2021 ఫిబ్రవరి 1న సేనాధిపతులు రాజ్యమును గైకొనిన దినముననే ఇంటర్నెట్టుకు అంతరాయము కలిగెను. అచటివారి దుస్థితిని చూచినపుడు, అడుగుటకు న్యాయస్థానము కలిగియుండుట ఎంతటి భాగ్యమో తెలియగలదు.

కావున విద్యార్థులారా! నిజమని ఎరుగని మాటను ముందునకు పంపకుడు. ఇంటర్నెట్టు నిలిచిన దినమున నోటుపుస్తకము తెరచి, ఎవరు ఆపిరి, ఏ శాసనముచే, ఏ కారణమున, ఎంతకాలమునకు అని వ్రాసికొనుడు. జవాబు దొరకనిచో మర్యాదతో అడుగుడు. అడుగువారులేని హక్కు కాగితముననే మిగులునని మేము తలంచుచున్నాము.