పాటయు బొమ్మయు

బుర్రకథ యనగా నేమి యని ప్రశ్నించినచో ఎనిమిదవ తరగతి విద్యార్థులలో పెక్కుమంది తడుముకొనక సమాధానము వ్రాయగలరు. అందు ముగ్గురుందురనియు, నడుమనున్న కథకుడు తంబురా మీటుచు కథ నడపుననియు, ఇరుప్రక్కల నున్న వంతలు గుమ్మెటలు వాయించుచు వంత పాడుదురనియు వారికి కంఠస్థమే. కాని పొరుగు వీధినుండి వినవచ్చుచున్నది బుర్రకథయో, హరికథయో, ఉత్తరాంధ్రపు జముకుల కథయో కన్నులు మూసికొని చెప్పుమనినచో వారిలో చాలమంది తెల్లబోవుదురు. వారు సంగీతమును గూర్చి చదివిరి, సంగీతమును వినలేదు. తప్పు వారిది కాదు. వినిపించిన వారెవరును లేరు.

సంగీతరీతులను పిల్లలకు ఎట్లు నేర్పవలెనను ప్రశ్న చిన్నదిగా తోచును గాని అందొక చిక్కు కలదు. లెక్క నల్లబల్లపై నిలిచియుండును. పద్యము పుస్తకమున నిలిచియుండును. రాగము మాత్రము వినుచుండగనే వెళ్ళిపోవును. పదమూడేండ్ల పిల్లవానిని నాలుగు నిమిషములు కదలక మెదలక వినుమనుట కష్టము. వాని చేతికొక పని కావలెను. వినుచు గీయుట అను పద్ధతి ఇందుకొరకే పుట్టినది. పాట ముందుగా చెవిని పడవలెను. దాని జాడ కాగితముపై పడవలెను. పేరు అన్నింటికంటె చివర రావలెను. నేటి పాఠములలో ఈ వరుస తలక్రిందులై యున్నది. పేరు మొదట వచ్చుచున్నది, దాని వెంట నిర్వచనము, ఆ పిమ్మట పరీక్ష. పాట వచ్చుటయే లేదు.

తరగతిలో ఈ పని యెట్లు సాగునో చూడవచ్చును. ఉపాధ్యాయుడు పేరు చెప్పక ఒక దరువు వినిపించును. మొదటిసారి పిల్లలు ఊరక విందురు. రెండవసారి వినునప్పుడు చేతిలోని పెన్సిలును ధ్వని వెంట నడిపింతురు. డప్పు దరువైనచో కాగితమంతయు చుక్కలతో నిండును. పెద్ద దెబ్బకు పెద్ద చుక్క, చిన్న దెబ్బకు చిన్న చుక్క. పిమ్మట నాగస్వరముపై రాగాలాపన వినిపించినచో ఆ చుక్కలు పనికిరావు. గీత సాగును, పైకి ప్రాకును, గమకము వచ్చినచోట వణకును. జోలపాటకు గీత ఉయ్యాల వలె ఊగును. దంపుడు పాట వచ్చునప్పటికి గీతయు కావలెను, చుక్కయు కావలెను. ఏలయన అందు గొంతు సాగుచుండగనే రోకటిపోటు పడుచుండును. ఈ కాగితములను గోడపై వరుసగా అంటించినచో లయ ముందు నడచు సంగీతమేదో, రాగము ముందు నడచు సంగీతమేదో, రెండును జోడుగా నడచునదేదో గురువు నోరు విప్పకయే పిల్లలు కనుగొందురు. పేరు చెప్పుటకు తగిన సమయము అదియే.

ఇద్దరు పిల్లల కాగితములు ఒకటిగా ఉండవు. ఒకరు మూడు పెద్ద చుక్కలు పెట్టినచోట మరియొకరు నాలుగు పెట్టుదురు. వాదము పుట్టును. ఆ వాదము తీరుటకు ఒకటే మార్గము: మరల వినుట. మూడవసారి వినునప్పుడు చెవి మేల్కొనినంతగా మొదటిసారి మేల్కొనదు. చిత్రలేఖనమువలన కలుగు అసలు లాభము ఇదియే గాని అందమైన బొమ్మ కాదు. కావున ఆ కాగితములకు మార్కులు వేయరాదు.

ఉపాధ్యాయునికి సంగీతము రాకున్నను బాధ లేదు. ఒకప్పుడు గ్రామఫోను గల పాఠశాలలను వేళ్ళపై లెక్కింపవచ్చును. నేడు ఉపాధ్యాయుని జేబులోని సెల్‌ఫోనులో అన్నమయ్య సంకీర్తనలును, షేక్ నాజర్ బుర్రకథలును, బిస్మిల్లాఖాన్ షెహనాయియు దొరకును. అయితే ఆ చిన్న యంత్రములో డప్పు గంభీరత సన్నగిల్లి, డబ్బా మ్రోగినట్లుండును. ఊరిలో డప్పు వాయించు వారున్నచో వారినే పిలుచుట మేలు.

పాటకు బొమ్మ కట్టుట ఈనాటి వింత కాదు. 16వ శతాబ్దము మొదలు 19వ శతాబ్దము వరకు రాజస్థానమునను, దక్కనునను, హిమాలయ పర్వత ప్రాంతపు సంస్థానములలోను రాగమాలా చిత్రములు విరివిగా వెలసినవి. మేవాడ రాజ్యమునందలి చావండులో 1605లో నసీరుద్దీన్ అను చిత్రకారుడు అట్టి మాల నొకదానిని రచించెను. తోడి రాగిణి వీణ ధరించిన వనిత. ఆమె నాదమునకు లోబడి లేళ్ళు చుట్టును చేరును. మేఘరాగమునకు నల్లని మబ్బులు, హిందోళమునకు ఉయ్యాల. బిజాపూరు నేలిన రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా స్వయముగా గీతకర్త. ఆయన రచించిన ‘కితాబె నౌరస్’లో పాటలు రాగముల వారీగా కూర్పబడినవి. అట్టి ప్రభువు కాలమున దక్కను చిత్రకళ వికసించుటలో వింత లేదు.

కాని ఈ చిత్రములను పాఠశాలలో చూపునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. లేళ్ళ బొమ్మ చూచి తోడిని గుర్తుపట్టుట నేర్చిన విద్యార్థి తెలుగునాట జరుగు కచేరీకి పోయినచో మోసపోవును. కర్ణాటక సంగీతములోని తోడి 8వ మేళకర్తయైన హనుమతోడి. దాని స్వరములు హిందూస్థానీ తోడి స్వరములు కావు. అవి హిందూస్థానీ భైరవి స్వరములు. హిందూస్థానీ తోడి స్వరములు వినవలెనన్నచో ఇచ్చట శుభపంతువరాళిని వినవలెను. ఇక ఉయ్యాల బొమ్మ గల హిందోళము సంగతి మరియు చిత్రము. దక్షిణాదిని హిందోళమని పాడు స్వరములను ఉత్తరాదిని మాల్కౌంస్ అందురు. వారి హిందోల్ వేరు. పేరు ఒకటే, బొమ్మ ఒకటే, నాదము వేరు. ఇట్టిచోట నిజము చెప్పగలది చెవి యొక్కటియే. రెండు తోడులను వెనువెంటనే వినిపించి పిల్లలచే గీయించినచో, పేరు నమ్మదగినదో కాదో వారికి ఒక్క గంటలో బోధపడును.

బొమ్మ చెవికి సంకెల కాదా అని కొందరు సంగీతజ్ఞులు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణము కొట్టివేయదగినది కాదు. అమెరికాలో లెనార్డ్ బెర్న్‌స్టీన్ అను సంగీత నిర్వాహకుడు న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందముతో 1958 జనవరిలో బాలల కచేరీలు ప్రారంభించి, సంగీతమునకు అర్థమేమి యను ప్రశ్ననే తొలి పాఠముగా తీసికొనెను. రిఖర్డ్ స్ట్రౌస్ రచించిన ‘డాన్ క్విక్సోట్’ లోని భాగములను వినిపింపబోవుచు, వానికి ఆకాశమున నెగురు సూపర్‌మాన్ కథ నొకదానిని కల్పించి చెప్పెను. సంగీతము ఆ కథకు చక్కగా అతికినది. పిమ్మట అది అబద్ధమని తెలిపి, అసలు కథ చెప్పి మరల వినిపించెను. దానికిని అతికినది. కథ మారినను సంగీతము మారలేదు. దాని అర్థము స్వరములలోనే కలదని ఆయన వాదము.

వాదము సరియైనదే. అయితే అది ఇతరులు చేతికిచ్చిన కథకును, ఇతరులు గీసి యిచ్చిన బొమ్మకును వర్తించును గాని, పిల్లవాడు తాను వినిన ధ్వని వెంట తాను గీసిన గీతకు వర్తింపదు. ‘ఇది వానపాట, వానను గీయుడు’ అని చెప్పిన ఉపాధ్యాయుడు చెవిని మూసివేసినవాడే. విషాదమునకు నీలిరంగు, సంతోషమునకు పసుపురంగు అని ముందే పంచియిచ్చుటయు అట్టిదే.

బొమ్మనుండి పుట్టిన సంగీతమును తిరిగి బొమ్మగా మార్చుటయు ఒక మంచి అభ్యాసము. రష్యా దేశీయుడైన ముసోర్గ్‌స్కీ, 1873లో మరణించిన తన మిత్రుడు హార్ట్‌మన్ చిత్రముల ప్రదర్శనమును చూచి, 1874లో పియానోపై ‘ప్రదర్శనశాలలోని చిత్రములు’ అను రచన చేసెను. 1922లో ఫ్రాన్సు దేశపు రావెల్ దానిని పూర్తి వాద్యబృందమునకు అమర్చెను. అందొక ఎద్దుబండి కలదు. రావెల్ అమరికలో ఆ ధ్వని దూరమునుండి మెల్లగా వచ్చి, దగ్గరయై బరువెక్కి, మరల దూరమై అణగిపోవును. ఎద్దుబండి యని చెప్పక వినిపించినను పిల్లల గీతలు నడుమ లావై, చివరలు సన్నమై కనబడును. హార్ట్‌మన్ చిత్రములలో కొన్ని నేడు లభించుట లేదు. వాని జాడ సంగీతముననే మిగిలినది.

తెలుగునాట దీనికి విరుద్ధమైన స్థితి కలిగినది. తెలంగాణమున చేర్యాల పటములు ప్రసిద్ధములు. ఖద్దరు బట్టకు చింతగింజల గంజియు సుద్దయు పట్టించి, ఎర్రని నేలపై నకాషీ చిత్రకారులు కథలు వ్రాయుదురు. 30 అడుగులకు మించిన పటములును కలవు. అవి గోడకు తగిలించుటకు పుట్టినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము చెప్పు కూనపులివారును, జాంబపురాణము చెప్పు డక్కలివారును పటమును విప్పుచు, ఒక్కొక్క బొమ్మను చూపుచు, రాత్రుల తరబడి కథ పాడెడివారు. ఊరి పిల్లలు పాటను కంటితోను, బొమ్మను చెవితోను నేర్చిన కాలమది. కథకులను పోషించు ఆచారము క్షీణించిన కొలది పెద్ద పటములకు గిరాకి తగ్గినది; చిత్రకారులు చిన్న బొమ్మలు, ముఖోటాలు చేసి అమ్ముచున్నారు. చేర్యాల బొమ్మ నేడు పట్టణపు ఇండ్లలో వ్రేలాడుచున్నది. దాని వెంట నడచిన పాట ఏ రీతిదో ఆ యింటివారికి తెలియదు. పాఠశాలలు కూడ ఆ బొమ్మను మాత్రమే గోడకు తగిలించి, హస్తకళలను గూర్చి పాఠము చెప్పి ఊరకుండుట విచారింపదగినది.

మరియొక సంగతి. సంగీతరీతులను పేర్కొనునప్పుడు పుస్తకములు శాస్త్రీయ సంగీతమును మొదట నిలిపి, జానపదమును చివర ఒక పేరాతో ముగించును. సినిమా పాటను తలపనే తలపవు. పిల్లల చెవిలో రోజంతయు మ్రోగునది సినిమా పాటయే. దానిని నిందించుటకంటె, అందు రాగమెంత, పల్లెదరువెంత, పాశ్చాత్య వాద్యమెంత యని గీయించుట ఉపయోగకరము. ఇక కాగితమునకు హెచ్చుతగ్గులు లేవు. త్యాగరాజ కృతికి ఎంత కాగితము పట్టునో డప్పు దరువుకును అంత పట్టును. తండ్రి డప్పు వాయించుటను ఇతరుల ముందు చెప్పుకొనుటకు వెనుకాడు బాలుడు తరగతిలో నుండవచ్చును. ఆ దరువులోని చుక్కలను తరగతి యంతయు తలలు వంచి లెక్కపెట్టుచున్న గంటలో, ఏ దెబ్బ ఎచ్చట పడునో అందరికంటె చక్కగా చెప్పగలవాడు వాడే.

రోకళ్ళు మూలబడిన ఇండ్లలో దంపుడు పాటలు ఎరిగిన అవ్వలు ఇంకను కలరు. వారి పాటలు అన్నియు ఏ యంత్రమునకును ఎక్కలేదు. వారిలో ఒకరిని వారమున కొక మధ్యాహ్నము పాఠశాలకు రప్పించి, కుర్చీ వేసి, పిల్లలను చుట్టును కూర్చుండబెట్టి కాగితములు పంచుటకు ప్రత్యేకమైన నిధులు అక్కరలేదు. క్రొత్త పాఠ్యపుస్తకమును అక్కరలేదు.