అమెరికాలో కారు అమ్ముడుపోకపోతే మెక్సికోలో కొలువు పోతుంది.. మాంద్యం వేళ సప్లై చైన్ లెక్క ఇదీ!

మాంద్యం వచ్చిందంటే చాలు, ప్రతి దేశంలోనూ వినిపించే మాట ఒకటే. "మన ఉద్యోగాలు పక్క దేశం వాళ్లు పట్టుకుపోయారు" అని. అమెరికా మెక్సికోను అంటుంది, యూరప్ చైనాను అంటుంది. వినడానికి నిజమే అనిపిస్తుంది. కానీ మాంద్యం సమయంలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు పోయే తీరు చూస్తే కథ వేరేలా ఉంటుంది. సరిహద్దుకు ఇటు ఉన్న కార్మికుడు, అటు ఉన్న కార్మికుడు ఒకే గొలుసుకు కట్టేసి ఉంటారు. ఒకరు పడితే రెండో వాళ్లూ పడతారు. 2008-09 సంక్షోభమే ఇందుకు సాక్ష్యం.

అప్పుడు అసలేం జరిగింది?

2008 సెప్టెంబర్ 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి. అమెరికాలో ఎక్కువ మంది కారు కొనేది లోను మీదే. లోను లేదంటే కారు లేదు. 2007లో అక్కడ దాదాపు కోటి 60 లక్షల వాహనాలు అమ్ముడైతే, 2009కి ఆ సంఖ్య కోటి 4 లక్షలకు పడిపోయింది. అంటే అమ్మకాలు తగ్గింది మూడో వంతు. ఉత్పత్తి మాత్రం దాదాపు సగానికి సగం కూలిపోయింది.

దెబ్బ అక్కడితో ఆగలేదు. మెక్సికో ఎగుమతుల్లో దాదాపు 80 శాతం వెళ్లేది అమెరికాకే. 2008లో 21 లక్షల వాహనాలు తయారు చేసిన మెక్సికో, 2009లో 15 లక్షల దగ్గర ఆగిపోయింది. మాంద్యం పుట్టింది అమెరికాలో. అక్కడ ఆర్థిక వ్యవస్థ ఆ ఏడాది రెండున్నర శాతం కుంగింది. మెక్సికోలో మాత్రం 5 శాతానికి పైగా పడిపోయింది. అదే ఏడాది అక్కడ స్వైన్ ఫ్లూ కూడా విజృంభించిన మాట నిజమే. అయినా అసలు దెబ్బ ఉత్తరం వైపు నుంచే వచ్చింది.

ప్రపంచమంతా ఇదే సీన్. 2009లో ప్రపంచ వాణిజ్య పరిమాణం సుమారు 12 శాతం తగ్గింది. ప్రపంచ ఉత్పత్తి మాత్రం అంతలా పడలేదు. చైనాలో అయితే పని లేక ఊళ్లకు తిరిగి వెళ్లిన వలస కార్మికులే దాదాపు 2 కోట్ల మంది అని అక్కడి అధికారులే 2009 ఫిబ్రవరిలో చెప్పారు.

20 తగ్గితే 90 ఎందుకు పోతుంది?

అమ్మకాలు కొంచెం తగ్గితే ఆర్డర్లు అంత ఘోరంగా ఎందుకు పడిపోతాయి? ఓ చిన్న లెక్క చూద్దాం. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే.

ఒక డీలర్ నెలకు 100 కార్లు అమ్ముతాడు. రెండు నెలలకు సరిపడా, అంటే 200 కార్లు స్టాకు ఉంచుకుంటాడు. మాంద్యం వచ్చి అమ్మకం 80కి తగ్గింది. ఇప్పుడు ఆయనకు 160 స్టాకు చాలు. ఉన్న 200లో 80 అమ్మేస్తే మిగిలేది 120. కాబట్టి ఆ నెల కంపెనీకి ఇచ్చే ఆర్డర్ 40 మాత్రమే. అమ్మకం తగ్గింది 20 శాతం, ఆర్డర్ తగ్గింది 60 శాతం!

కార్ల కంపెనీ కూడా అదే పని చేస్తుంది. దాని దగ్గర పదిహేను రోజులకు సరిపడా, అంటే 50 కార్ల విడిభాగాలు ఉన్నాయనుకుందాం. ఇప్పుడు 40 కార్లే తయారు చేస్తోంది కాబట్టి 20 కార్ల స్టాకు చాలనుకుంటుంది. ఉన్నదాంట్లోంచి 40 వాడేస్తే మిగిలేది 10. అందుకే సరఫరాదారుకు ఇచ్చే ఆర్డర్ 10 కార్ల విడిభాగాలకే. నిన్నటిదాకా వంద ఆర్డర్లు అందుకున్న విడిభాగాల ఫ్యాక్టరీకి ఒక్కసారిగా పదే వచ్చాయి. 90 శాతం పోయింది.

షోరూంకు ఎంత దూరంగా ఉంటే దెబ్బ అంత గట్టిగా తగులుతుందన్నమాట. సియుడాడ్ హువారెజ్ లాంటి సరిహద్దు నగరాల్లో కార్ల వైరింగ్ హార్నెస్‌లు కట్టే కార్మికులు ఈ గొలుసులో చిట్టచివర ఉంటారు.

కానీ ఈ లెక్కలో అసలు కిటుకు వేరే ఉంది. స్టాకు సర్దుబాటు అయ్యాక డీలర్ ఆర్డర్ మళ్లీ 80కి వస్తుంది. అంటే 10 అనేది శాశ్వతం కాదు, కొన్ని నెలల ముచ్చటే. ఆ కొన్ని నెలలు కార్మికుడిని ఎవరు నిలబెడతారన్నదే అసలు ప్రశ్న.

పోటీదారును కాపాడండన్న ఫోర్డ్

2008 డిసెంబర్‌లో ఓ విచిత్రం జరిగింది. జనరల్ మోటార్స్, క్రిస్లర్ మునిగిపోయే స్థితిలో ఉన్నాయి. పోటీ కంపెనీ ఫోర్డ్ సంబరపడాలి కదా? కానీ అప్పటి ఫోర్డ్ సీఈఓ అలన్ ములాలీ అమెరికా కాంగ్రెస్ ముందుకొచ్చి వాళ్లకు సాయం చేయాలన్నారు. కారణం సింపుల్. మూడు కంపెనీలకూ విడిభాగాలు ఇచ్చేది చాలావరకు ఒకే సరఫరాదారులు. జీఎం పోతే వాళ్లు పోతారు, వాళ్లు పోతే ఫోర్డ్ లైన్ కూడా ఆగుతుంది.

దేశాల మధ్య కూడా ఇదే సూత్రం. మెక్సికో నుంచి అమెరికాకు వచ్చే వస్తువుల విలువలో దాదాపు 40 శాతం అమెరికాలోనే తయారైన భాగాలదని ఆర్థికవేత్తల అంచనా. మెక్సికోలో కారు ఆగితే అమెరికాలో గేర్లు, ఇంజిన్ భాగాలు చేసే వాళ్ల పనీ ఆగినట్టే. 2020లో కరోనా ఈ విషయాన్ని మళ్లీ గుర్తు చేసింది. ఆ ఏప్రిల్‌లో మెక్సికో వాహన ఉత్పత్తి దాదాపు సున్నాకు చేరింది. ఫ్యాక్టరీలు తెరవాలని అమెరికా వైపు నుంచే ఒత్తిడి వచ్చింది. మే నెలలో మెక్సికో ప్రభుత్వం వాహన తయారీని అత్యవసర రంగాల్లో చేర్చింది. అప్పటికి కరోనా తగ్గలేదు. ప్రాణాల రిస్కు మాత్రం కార్మికుల మీదే పడింది.

జర్మనీ ఏం చేసింది?

ఎగుమతుల మీదే బతికే జర్మనీ ఆర్థిక వ్యవస్థ కూడా 2009లో 5 శాతానికి పైగా పడిపోయింది. అమెరికా కంటే పెద్ద దెబ్బే. అయినా అక్కడ నిరుద్యోగం పెద్దగా పెరగలేదు. అమెరికాలో మాత్రం 2009 అక్టోబర్‌లో నిరుద్యోగం 10 శాతానికి చేరింది, తయారీ రంగంలోనే 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి.

తేడా 'కుర్ట్‌సార్‌బైట్' అనే విధానంలో ఉంది. పని తగ్గితే మనిషిని తీసేయకుండా పని గంటలు తగ్గిస్తారు. కోల్పోయిన నికర జీతంలో 60 శాతం, పిల్లలున్న వాళ్లకు 67 శాతం ప్రభుత్వ ఉపాధి సంస్థ ఇస్తుంది. 2009 మేలో దాదాపు 14 లక్షల మంది ఇలా గట్టెక్కారు. చైనా ప్రకటించిన 4 లక్షల కోట్ల యువాన్ల ప్యాకేజీతో మళ్లీ కార్లకు, యంత్రాలకు గిరాకీ వచ్చేసరికి నైపుణ్యం ఉన్న కార్మికులు ఫ్యాక్టరీలోనే ఉన్నారు. ముంచిన సప్లై చైనే తేల్చింది కూడా. అందుకే విదేశీ గొలుసును తెంచేస్తే సేఫ్ అనుకోవడం సగం నిజమే. సొంత మార్కెట్ పడినప్పుడు ఆదుకునే తాడు కూడా అదే.

మనకేంటి సంబంధం?

చాలా ఉంది. పెనుకొండ దగ్గర కియా ప్లాంట్, దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు.. శ్రీసిటీలో ఫోన్లు, ఏసీలు, వాహనాలు.. అచ్యుతాపురంలో విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే మహిళలు.. ఇవన్నీ సరిహద్దులు దాటిన గొలుసులే. 2021 సెప్టెంబర్‌లో చిప్‌లు దొరక్క మారుతీ సుజుకీ ఉత్పత్తి మామూలులో 40 శాతానికి పడిపోయిందంటే, ఆ దెబ్బ ఎంత దూరం నుంచి వస్తుందో ఊహించుకోవచ్చు.

దేశంలో రిజిస్టర్డ్ ఫ్యాక్టరీల కార్మికుల్లో దాదాపు 40 శాతం కాంట్రాక్ట్ వాళ్లే. లేఆఫ్ ఇస్తే మూల వేతనం, డీఏలో సగం చెల్లించాలని చట్టం ఉంది. అది ఏడాది నిండిన, మస్టర్ రోల్‌లో పేరున్న కార్మికులకే. కాంట్రాక్ట్ కార్మికుడిని కంపెనీ లేఆఫ్ చేయక్కర్లేదు, రేపట్నుంచి రావొద్దని కాంట్రాక్టర్‌తో చెప్పిస్తే చాలు. ఈఎస్ఐలో 2018లో తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉంది. 2020లో దాని సాయాన్ని పెంచి, ఉద్యోగం పోయిన వాళ్లకు 90 రోజుల వరకు సగటు వేతనంలో సగం ఇచ్చేలా మార్చారు. కానీ చందా కట్టిన రికార్డు లేనివాళ్లకు అదీ అందదు.

ప్లాంట్ తెచ్చేటప్పుడు ఎన్ని వేల ఉద్యోగాలొస్తాయో నేతలు గట్టిగానే చెబుతారు. భూమి, కరెంటు, పన్ను రాయితీలు అన్నీ ఒప్పందంలో రాసుకుంటారు. ఆర్డర్లు వంద నుంచి పదికి పడిన ఆ మూడు నాలుగు నెలలు కార్మికుడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలన్నది మాత్రం ఏ ఒప్పందంలోనూ కనిపించదు. రాయితీ తీసుకునే కంపెనీకి ఆ ఒక్క షరతు పెట్టడానికి మాంద్యం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.